వరండాకు తాళం

పోయిన నెల రమాకాంత్ ఉపన్యాసం వినడానికి యూనివర్సిటీకి వెళ్ళాను. వెళ్ళే ముందు నేను మనిషినేనని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. సెమినార్ హాల్లో కుర్చీ కావాలంటే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలట. చేసుకున్నాను. ఫోన్‌కి వచ్చిన అంకెలు కొట్టాను. అది చాలక గళ్ళుగళ్ళుగా ఒక బొమ్మ చూపించి, ట్రాఫిక్ సిగ్నళ్ళు ఉన్న గళ్ళన్నీ ముట్టుకోమన్నారు. తార్నాక చౌరస్తాలో సిగ్నల్ కోసం నిలబడి నిలబడి సగం వయసు కరగదీసుకున్నదాన్ని, నాకు సిగ్నల్ అంటే ఏమిటో తెలియదని తేల్చేసింది ఆ కంప్యూటర్. స్తంభం కూడా సిగ్నల్ కిందికి వస్తుందా రాదా అన్న మీమాంసలో నన్ను రెండుసార్లు తిప్పికొట్టి, ఆ తర్వాత ఏమనుకుందో ఏమో, పోనీలే పాపమని ఒప్పుకుంది. ఒప్పుకున్న కాసేపటికే అదే ఫోన్‌కి ఇంట్లో కూర్చుని లక్షలు సంపాదించమనీ, శివారులో ప్లాటు కొనుక్కోమనీ, నడుము సన్నబడే చూర్ణం తినమనీ మెసేజీలు వచ్చి పడ్డాయి. మనిషిని గేటు దగ్గర నిలబెట్టి అడ్డమైన ప్రశ్నలూ వేయడం నేర్చినవాళ్ళకు ఆపాల్సినవాటిని ఆపడం మాత్రం ఇప్పటికీ చేతకాలేదు. వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది. ఈ విద్య మా ఇంటి మీదికి మొదటిసారి ఎలా వచ్చిందో నాకు బాగా గుర్తు. దాన్ని తెచ్చిన మహానుభావుడే ఆ రోజు వేదిక మీద శాలువా కప్పించుకోబోతున్నాడు.

మా అక్క విజయ క్యాంపస్‌లో ఎమ్మే ఎకనామిక్స్ చదివే రోజుల్లో రమాకాంత్ అక్కడే హాస్టల్లో ఉండే కంప్యూటర్ విద్యార్థి. అతనూ అతని రూమ్మేట్లూ కలిసి ఇంటర్నెట్‌లో ఒక ఫోరం పెట్టారు. ఆర్ట్స్ బ్లాకు ముందు రాతి వరండాలో పిల్లలంతా చేరి ముచ్చట్లు పెట్టుకునేవారు కనుక దానికి 'వరండా' అని పేరు. పరీక్ష తేదీలు, పాత ప్రశ్నపత్రాలు, హాల్ టికెట్లు ఎప్పుడిస్తారు, ఏ మేడం ఏ పాఠం వదిలేసింది, అన్నీ అందులో ఉండేవి. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా చదువుకోవచ్చు. మొదట్లో అది నిజంగా మంచి పనే. ఆ మాట ఒప్పుకోకపోతే నాకూ రమాకాంత్‌కూ తేడా ఉండదు. ఇప్పుడు అతను ఏదో పెద్ద కంపెనీలో ఆన్‌లైన్ చెత్తను ఊడ్చే విభాగానికి అధిపతి అట. అందుకే ఈ శాలువా.

అప్పుడు మేం మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. బాపు వర్క్‌షాపులో ఫిట్టరు. జనగామ వైపు పల్లెలో వానకు ఎదురుచూసే సేద్యం వదిలేసి పట్నానికి వచ్చిన మనిషి. డ్యూటీ దిగి రాగానే పెరట్లో బండ మీద కూర్చుని, సర్ఫులో కాస్త ఇసుక కలిపి మోచేతుల దాకా రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా గ్రీజు వాసన పోయేది కాదు. ఆ వాసనా, అమ్మ పొయ్యి మీద కాల్చే జొన్నరొట్టె వాసనా కలిస్తేనే మాకు సాయంత్రం అయినట్టు. ఉన్న రెండు గదుల్లో వెలుతురు సరిగ్గా పడేది వంటగది గడప దగ్గరే. అక్క అక్కడే కూర్చుని చదివేది. అమ్మ గిన్నె కోసం వచ్చినప్పుడల్లా పుస్తకంతో సహా పక్కకి జరిగేది, మళ్ళీ యథాస్థానానికి వచ్చేది. మా వంశంలో పీజీ మెట్టెక్కిన మొదటి మనిషి అక్క. "మా పెద్దపిల్ల లెక్చరరైతది" అని బాపు వర్క్‌షాపంతా చెప్పుకున్నాడు. జూనియర్ కాలేజీ లెక్చరర్ల నోటిఫికేషన్ రాబోతోందని అప్పటికే అందరూ అనుకుంటున్నారు. ఆ వేసవికి ఎమ్మే చేతిలో ఉంటే అక్క దానికి అర్హురాలు, లేకపోతే లేదు. మా ఇంట్లో అందరి ఆశా ఆ చివరి పరీక్షల మీదే ఉండేది.

గడప అంటే మా నాయనమ్మ గురించి చెప్పాలి. వీధి గడపలో చాట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ పొద్దంతా కూర్చునేది. ఆమె కళ్ళుగప్పి ఎవరూ లోపలికి వచ్చేవారు కాదు. బంగారానికి మెరుగు పెడతామనేవాళ్ళు, జాతకాలు చెప్పేవాళ్ళు, అగ్గువకు చీరలనేవాళ్ళు, ఊరి నుంచి వచ్చిన చుట్టాలమని చెప్పుకునేవాళ్ళు, రోజుకెంతమందో. అందరికీ ఒకటే మర్యాద. "ముందుగాల్ల నీళ్ళు తాగు బిడ్డా. తాగినంక చెప్పు, ఎవల తానకొచ్చినవ్?" అనేది. చెప్పేదంతా వినేది. వినేటప్పుడు చేతులు బియ్యంలోనే ఉండేవి, కళ్ళు మాత్రం మనిషి మీద. మెరుగు పెట్టేవాణ్ణి నవ్వుతూనే సాగనంపేది. ఊరి నుంచి ఆస్పత్రి పని మీద వచ్చి అడ్రసు తప్పినవాణ్ణి కూర్చోబెట్టి అన్నం పెట్టించేది. ఒకటి రెండుసార్లు మోసపోయింది కూడా. ఒకడు ఇత్తడి చెంబు ఎత్తుకుపోయాడు. బాపు కేకలేస్తే, "పోనీయ్ రా, చెంబే గద. దాని కోసం అందర్నీ దొంగల్లెక్క సూడాల్నా?" అంది. ఆమెకు చదువు లేదు. కానీ ఆమె అడిగిన ప్రశ్నకు ఎవరైనా జవాబు చెప్పగలరు, ఆమె ఆ జవాబు వినేది కూడా.

అక్క, నేను వారానికి రెండుమూడు సార్లు తార్నాకలో నెట్ సెంటర్‌కి పోయేవాళ్ళం. మెట్లెక్కగానే అగరొత్తుల వాసన, తడిసిన చెప్పుల వాసన కలిసి గుప్పుమనేవి. ప్లైవుడ్ గదులు, వాటికి పూల కర్టెన్లు. ఒక కుర్చీ మీదే ఇద్దరం చెరో సగం కూర్చునేవాళ్ళం. అక్క ఒక్క వేలితో టైపు చేసేది. నేను ఇంటర్ పిల్లని, నాకు ఊరికే చూడ్డమే సంబరం. అట్లా చూస్తూ ఉండగానే వరండాలోకి చెత్త దిగింది. ఒకరోజు తెరిచేసరికి హాల్ టికెట్ల ముచ్చట కింద బరువు తగ్గే మాత్రలు. ఆ కింద ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ చేస్తే వేలు. ఆ కింద వీసా కన్సల్టెన్సీలు, వాటి నిండా మిణుకుమిణుకుమనే అక్షరాలు. పరీక్ష తేదీ వెతకాలంటే ఆ పెంటనంతా దాటుకుని పోవాలి. తాళం అవసరమే. అవసరం లేదని నేను ఆనాడూ అనలేదు, ఈనాడూ అనను. నా సొంత వ్యాసాల కింద వ్యాఖ్యల్లో కూడా ఇప్పుడు ప్లాట్లు అమ్ముతున్నారు, నేనూ పొద్దున్నే లేచి వాటిని ఊడుస్తున్నాను. అడగాల్సిందల్లా తాళం ఎవరి కొలతలకి చేయించారని.

హాస్టల్ వీరులు చాలా ఆలోచించారట. ఇక మీదట రాయాలన్నా చదవాలన్నా సభ్యులు కావాలి, సభ్యులు కావాలంటే ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ప్రశ్న ఇది: ఆదివారం రాత్రి మెస్‌లో ఏం కూర? చూశారా ఎంత గొప్ప బుర్రలో. అక్క తెల్లబోయింది. మెట్టుగూడ నుంచి నడిచొచ్చి, మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న పచ్చడన్నం తిని, సాయంత్రం ఇంటికి పోయే పిల్లకి మెస్ సంగతేం తెలుసు? "గిదేం ప్రశ్ననే? చదువుకు కూరకేం సంబంధం?" అంది నాతో. అయినా బుద్ధిగా ఆలోచించి 'గుడ్డు కూర' అని కొట్టింది. తప్పు. 'చికెన్' అంది. తప్పు. లేడీస్ హాస్టల్లో ఉండే క్లాస్‌మేట్‌ని అడిగొచ్చి 'టమాటా పప్పు' అంది. అదీ తప్పే. అసలు జవాబు ఏమిటంటే ఆదివారం రాత్రి బాయ్స్ మెస్ బంద్. మధ్యాహ్నం బగారా అన్నం వండిపెట్టి వంటవాళ్ళు సెలవు తీసుకుంటారు, పిల్లలు రాత్రికి బయట తింటారు. కాబట్టి 'బంద్' అని రాయాలి. లోపల ఉన్నవాళ్ళకే తెలిసే సంగతి. ఉత్త కూర పేరు రాసినవాడు బయటివాడని దొరికిపోతాడట. వాళ్ళు చంకలు గుద్దుకుని ఉంటారు.

ఇక్కడ అసలు వేడుక చెప్పాలి. ఆ చెత్త ప్రకటనలు ఏ దేశాల నుంచో రావట్లేదని మాకు తర్వాత తెలిసింది. తార్నాకలోనే ఒక మేడ మీద, డేటా ఎంట్రీ పేరుతో నడిచే కొట్టులో కూర్చుని అంటించేవారు. కూర్చున్నవాళ్ళు ఎవరంటే చదువైపోయి, ఉద్యోగం రాక, హాస్టల్ ఖాళీ చేసి బయట గదుల్లో ఉంటున్న మన పూర్వ విద్యార్థులే. వాళ్ళకి ఆదివారం రాత్రి మెస్ బంద్ అని తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? బయట తినడానికి డబ్బుల్లేక ఏళ్ళకేళ్ళు ఆ రాత్రులు పస్తులున్నవాళ్ళు. టకటకా 'బంద్' అని కొట్టి నేరుగా లోపలికి పోయారు. మాత్రలు, వీసాలు, చూర్ణాలు అన్నీ వాళ్ళతోపాటే పోయాయి. బయట మిగిలింది డే స్కాలర్లు, ఆడపిల్లలు, సీతాఫల్‌మండి నుంచీ మల్కాజ్‌గిరి నుంచీ లోకల్ రైలెక్కి వచ్చేవాళ్ళు. అంటే ఆ ఫోరం తప్ప ఇంకో దారి లేనివాళ్ళు. హాస్టల్లో ఉన్నవాడికి కబురు పక్క మంచం మీది నుంచే వస్తుంది, వాడికి ఫోరం దేనికి?

జవాబు రానివాళ్ళ కోసం కింద చిన్న డబ్బా ఒకటి ఉండేది. మీరెవరో, సభ్యత్వం ఎందుకో రాయండి, నిర్వాహకులు పరిశీలిస్తారు అని. అక్క రాసింది. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. నేను ఫలానా విభాగం రెండో సంవత్సరం, డే స్కాలర్‌ని, మెస్ సంగతులు తెలియవు, పరీక్షల సమాచారం చదువుకోనిస్తే చాలు, ఏమీ రాయను అని. 'మీ అభ్యర్థన పరిశీలనలో ఉన్నది' అని వచ్చింది. వారం పోయాక చూస్తే అభ్యర్థన లేదు, సభ్యత్వమూ లేదు. మళ్ళీ రాసింది. ఈసారి ముందుగా ఇంట్లో చిత్తు కాయితం మీద రాసి, దిద్ది, 'దయచేసి' చేర్చి, 'గారు' చేర్చి పట్టుకొచ్చింది. అదీ పోయింది. "పోయినసారి జర కటువుగున్నట్టుంది, ఈసారి ఇంక మంచిగ రాస్తా" అనేది. చూసి చూసి నాకు ఒళ్ళు మండేది. "వాళ్ళేమన్న కలెక్టర్లా అక్కా, గంతగనం బతిమాలుడు?" అంటే, "ఊకో సరితా, మనకవసరమాయె" అనేది.

ఆ ఏడు బంద్‌లు ఎక్కువ. పరీక్షలు జరుగుతాయో జరగవో ముందురోజు దాకా తెలిసేది కాదు. పేపర్లో ఒకటి, నోటీసు బోర్డులో ఒకటి. ఆఖరి పరీక్షకు ముందు మళ్ళీ బంద్ పిలుపు వచ్చింది. పొద్దున పేపర్లో పరీక్షలన్నీ వాయిదా అని వేశారు. సాయంత్రం అక్కా నేనూ నెట్ సెంటర్‌కి పరుగెత్తాం. వరండా తెరిస్తే పైనే శీర్షిక కనిపిస్తోంది: రేపటి ఎమ్మే పేపర్ వాయిదా సంగతి. నొక్కితే లోపల ఏముందో చూపించదు, సభ్యులు మాత్రమే అంటుంది. అక్క ఆదివారం కూర ప్రశ్నకి మళ్ళీ ఏవేవో జవాబులు కొట్టింది. వంకాయ, ఆలుగడ్డ, పచ్చిపులుసు. నా పక్కన కూర్చుని కూరల పేర్లు కొడుతున్న ఆ మొహం నేను మరచిపోలేను. చివరికి, "పేపరోడు వాయిదానే అన్నడు, గీడ గూడ వాయిదా అనే ఉన్నది" అని లేచింది. ఇంటికొచ్చి చెబితే బాపు కూడా, "గాడ అంత పోలీసోళ్ళే ఉన్నరంట బిడ్డా, రాళ్ళు పడుతున్నయంట. వాయిదా అంటున్నరు గద, పోకు" అన్నాడు.

మర్నాడు కాక ఆ మర్నాడు లైబ్రరీ పుస్తకం ఇచ్చి రావడానికి వెళ్ళిన అక్కకు, ఆర్ట్స్ బ్లాకు ముందు క్లాసువాళ్ళు ప్రశ్నపత్రాలు పట్టుకుని మార్కులు లెక్కేసుకుంటూ కనిపించారు. ఎమ్మే వాళ్ళకి పరీక్ష జరిగింది. వాయిదా మాట పుకారు, నమ్మకండి, మన పేపరు ఉంది, వెనక గేటు నుంచి రండి అని ఆ శీర్షిక కింద రాసి ఉందట. అక్క ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, ఎప్పట్లాగే వంటగది గడప దగ్గర కూర్చుంది. చేతిలో పుస్తకం లేదు. నోటిఫికేషన్ వచ్చింది, వెళ్ళిపోయింది. మళ్ళీ ఏడాది రాసుకోవచ్చని బాపు అన్నాడు, నేనన్నాను, లెక్చరర్లు అన్నారు. అక్క రాయలేదు. ఫీజు కట్టే తేదీ వచ్చినప్పుడల్లా బాపు నెమ్మదిగా గుర్తు చేసేవాడు. "ఇడువు బాపూ" అనేది. ఎందుకని ఎంత అడిగినా ఇంకో మాట వచ్చేది కాదు. ఆ తర్వాత మల్కాజ్‌గిరిలో కాపురం, ఇంట్లోనే ట్యూషన్లు. మా బాపు రిటైరైన నాడు కూడా వర్క్‌షాపులో ఎవరో, "మీ పెద్దపిల్ల లెక్చరరే గద?" అని అడిగితే తల ఊపి వచ్చాడు.

ఉపన్యాసం నేను ఊహించినట్టే ఏడ్చింది. రమాకాంత్‌కి పొట్ట వచ్చింది, జుట్టు పోయింది, ఆత్మవిశ్వాసం మాత్రం రెట్టింపైంది. వరండా రోజులు చెప్పుకుంటూ మెస్ ప్రశ్న దగ్గరికి వచ్చి, జవాబు చెప్పేముందు కాసేపు ఆగి అందరి మొహాలూ చూశాడు. 'బంద్' అనగానే ముందు వరసలో ఉన్న పాత హాస్టల్ మిత్రులు గొల్లున నవ్వారు. వెనక కూర్చున్న ఆడపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్క ప్రశ్నతో బయటివాళ్ళందర్నీ ఆపేశామని చెప్పాడు. డేటా ఎంట్రీ కొట్టు ఊసు ఎత్తలేదు. వాడుకదారుకి ఇబ్బంది లేకుండా, చెత్త రాకుండా మధ్యేమార్గం పట్టుకోవడమే తన జీవిత సాధన అన్నాడు. ఆ ఇబ్బంది అతనికి ఏనాడైనా కలిగితే గదా తెలియడానికి.

టీ దగ్గర పట్టుకున్నాను. మా అక్క కూడా మీ ఫోరంలో చేరడానికి అభ్యర్థన పెట్టిందని, చాలాసార్లు రాసిందని చెప్పాను. బిస్కెట్ టీలో ముంచుకుంటూ, "అవునా మేడం? అప్పుడు క్యూల మస్తు రిక్వెస్టులు వచ్చేటియి" అన్నాడు.

"అవన్నీ ఎవరు చదివేవాళ్ళు?"

"ఎవలు చదువుతరు మేడం?" నవ్వాడు. "మాకు గంత టైమేడిది. ఆదివారం ఆదివారం అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టేటోళ్ళం. ఆన్సర్ రానోడు మనోడు కాదు గద, సింపుల్ లాజిక్."

"అందులో మనుషులు కూడా ఉండి ఉంటారనిపించలేదా?"

"ఉంటరు మేడం. ఏ ఫిల్టర్ పెట్టినా జర లాస్ ఉంటది. దాన్ని యాక్సెప్ట్ చేయాలె." జేబులోంచి కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. అక్క గురించి ఇంకో మాట అడగలేదు. ఆ పరీక్ష ఏమైందని కూడా అడగలేదు.

నాకు అసహ్యమేసింది. కప్పు అక్కడే పెట్టేసి బయటకొచ్చాను. ఇన్నాళ్ళూ నేను వాళ్ళని కఠినులనుకున్నాను. కూర్చుని, చదివి, ఆలోచించి, ఈ అమ్మాయి మనలో మనిషి కాదని తోసిపుచ్చి ఉంటారని అనుకున్నాను. అంత శ్రమ కూడా పడలేదు సన్నాసులు. 'పరిశీలనలో ఉన్నది' అని వాళ్ళ మిషనుతో అబద్ధం చెప్పించి, వాళ్ళు బయట చపాతీలు తినడానికి పోయారు. ఇప్పుడు ఎక్కడ చూసినా ఆ అబద్ధమే నడుస్తోంది. బ్యాంకులో, కరెంటాఫీసులో, ఆస్పత్రి అపాయింట్‌మెంట్‌లో, మన విన్నపం ఎప్పుడూ పరిశీలనలోనే ఉంటుంది. అవతల మనిషి లేడు. మనం మనుషులమని రుజువులు అడిగేవాళ్ళు, తమ వైపు ఒక్క మనిషిని కూర్చోబెట్టే ఖర్చు మాత్రం పెట్టరు. ఇంత చదువూ ఇన్ని శాలువాలూ ఏం తగలెయ్యడానికో నాకు అర్థం కాదు.

తార్నాకలో ఆటో ఎక్కి నేరుగా మల్కాజ్‌గిరి పోయాను. అక్క ట్యూషన్ పిల్లల్ని అప్పుడే పంపించి చాపలు చుడుతోంది. చెప్పాలా వద్దా అని దారంతా తర్జనభర్జన పడ్డాను గానీ, ఆమె మొహం చూశాక దాచబుద్ధి కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. వారంవారం అన్నీ కలిపి తుడిచేసేవారట అని. అక్క చాప చుట్టడం ఆపింది.

"చదవనే లేదా?"

"లేదక్కా."

"ఒక్కటి గూడ?"

"ఒక్కటి గూడ చదవలేదంట."

చుట్టిన చాప మళ్ళీ విడిపోయింది. ఆమె దాన్ని పట్టుకోలేదు. అట్లాగే గోడకి ఆనుకుని కిందనే కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నాతో అన్నట్టు కాకుండా, ఎదురుగోడతో అన్నట్టు అంది.

"గంత మర్యాదగ రాస్తినే. చదివే వద్దన్నరనుకున్న సరితా. అందుకే మల్ల ఎవ్వల్ని ఏం అడగలే."